సోలార్ బ్యాటరీ కొనే ముందు ఏహెచ్ కాదు, చేతికొచ్చే యూనిట్లు చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు సబ్సిడీతో ఇంటి మీద ప్యానెళ్లు పెట్టించుకున్న చాలామందికి ఒక సంగతి మొదటిసారి కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. అది రిపేరు కాదు. లైన్లో కరెంటు లేనప్పుడు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (లైనుతో కలిసి నడిచేది) తనంతట తాను ఆగిపోవాలి, లేకపోతే స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కి మన ప్యానెళ్ల కరెంటు కొడుతుంది. కరెంటు లేనప్పుడు కూడా సోలార్ వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ కావాలి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి వచ్చే 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ప్యానెళ్ల కెపాసిటీని బట్టి ఇచ్చేది. బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. ఆ ఖర్చంతా మన జేబులోంచే పోతుంది కాబట్టి కొనే ముందు నాలుగు రోజులు ఆగి లెక్క వేసుకోవడం మంచిది.

ముందు తేల్చుకోవాల్సింది బ్యాటరీ ఎందుకన్నది. నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలిన యూనిట్లు లైన్లోకి వెళ్లి, రాత్రి వాడినవాటికి చెల్లవుతాయి. అంటే మన వైపు కరెంటిచ్చే కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ లైనే మీకు బ్యాటరీ. ఒడిశాలో ఇళ్లకిచ్చే కరెంటు యూనిట్ 7 రూపాయల లోపే ఉంది. కాబట్టి నెట్ మీటర్ ఉన్న ఇంట్లో బిల్లు తగ్గించుకోవడానికి బ్యాటరీ కొంటే డబ్బు తిరిగి రాదు. అలా వస్తుందని చెప్పే సేల్స్‌మన్ చేత ఆ లెక్క కాగితం మీద వేయించుకోండి. కరెంటు కోతలకీ, తుపానుకీ అయితే బ్యాటరీ అవసరమే. 2018 అక్టోబరులో తిత్లీ దెబ్బకి గజపతి జిల్లా ఎలా చీకట్లో ఉండిపోయిందో ఇక్కడివాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. లైను సరిగ్గా రాని కొండ ఊళ్లలో రోజూ రాత్రి బ్యాటరీ మీదే బతకాలి, అది మూడో రకం అవసరం. ఈ మూడింటికీ ఒకే బ్యాటరీ సరిపడదు.

ఇంటి లెక్క

బ్యాటరీ మీద నడవాల్సిన సామాన్లు మాత్రమే రాసుకోండి. ఉదాహరణకి ఒక రాత్రి: 75 వాట్ల ఫ్యాన్లు రెండు 8 గంటలు తిరిగితే 1.2 యూనిట్లు. 9 వాట్ల బల్బులు మూడు 5 గంటలకి 0.14. టీవీ 60 వాట్లు, 3 గంటలకి 0.18. వైఫై డబ్బా 10 వాట్లు, 12 గంటలకి 0.12. ఫ్రిజ్ రాత్రంతా ఓ అర యూనిట్. మొత్తం 2.1 యూనిట్ల పైమాట. ఇన్వర్టర్ తినేదానికి 15 శాతం కలిపితే సుమారు 2.5.

ఇప్పుడు ఆ రెండు ఫ్యాన్లూ తీసేసి తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టారనుకోండి. 1.2 కాస్తా 0.48 అవుతుంది, 0.72 యూనిట్లు మిగిలినట్టు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే మామూలు సీసం-ఎసిడ్ రకంది, ఒకటి రోజూ భద్రంగా ఇచ్చేది 0.9 యూనిట్. అంటే రెండు ఫ్యాన్లు మార్చితే దాదాపు ఒక బ్యాటరీ తప్పినట్టే. బ్యాటరీ షాపుకి వెళ్లే ముందు ఫ్యాన్ల షాపుకి వెళ్లమనేది ఇందుకే.

లేబుల్ మీద ఏముంటుంది, ఏముండదు

ఏహెచ్ ఒక్కటే చూసి పోల్చకూడదు. ఏహెచ్‌ని వోల్టేజీతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 12 వోల్టుల 150 ఏహెచ్ అంటే 1.8 యూనిట్లు. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం అంటే 5.12 యూనిట్లు. ఏహెచ్ తక్కువగా ఉన్నదే దాదాపు మూడు రెట్ల పెద్దదన్నమాట.

తర్వాత ఆ ఏహెచ్ పక్కన సీ10 అని ఉందా, సీ20 అని ఉందా చూడండి. సీ10లో 150 ఏహెచ్ అంటే 15 ఆంపియర్ల చొప్పున 10 గంటలు. సీ20లో 150 అంటే 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. ఎసిడ్ బ్యాటరీని ఎంత తొందరగా లాగితే అంత తక్కువిస్తుంది, కాబట్టి సీ20 బ్యాటరీని 10 గంటల్లో వాడేస్తే 10 నుంచి 15 శాతం తగ్గుతుంది. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీలు సీ20, సోలార్‌కని చేసేవి సీ10. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ధరలో తేడా అక్కడే ఉంటుంది. సోలార్‌కి తీసుకునే ఎసిడ్ బ్యాటరీ మీద ఐఎస్ 16270 ముద్ర వెతకండి. లిథియానికైతే ఐఈసీ 62619 టెస్ట్ రిపోర్టు అడగండి, అందులో ఉన్న మోడల్ నంబరూ పెట్టె మీది నంబరూ ఒకటేనో కాదో మీరే చూసుకోండి.

ఉన్నదంతా వాడుకోలేమన్న సంగతి కూడా మరవద్దు. ట్యూబులర్‌ని రోజూ సగానికి మించి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం లిథియాన్ని 80, 90 శాతం దాకా దించవచ్చు. పెట్టిన కరెంటు తిరిగిచ్చే లెక్కలోనూ తేడా ఉంది. ఎసిడ్ బ్యాటరీ నూటికి 75 నుంచి 80 ఇస్తుంది, ఎల్‌ఎఫ్‌పీ 92 పైన ఇస్తుంది. ఇంటికి లిథియం తీసుకుంటే ఎల్‌ఎఫ్‌పీయే తీసుకోండి, మిగతా లిథియం రకాలకంటే ఇది వేడిని బాగా తట్టుకుంటుంది.

మన వానలు, మన రేకులు

ట్యూబులర్‌ని దాని ఏహెచ్‌లో పదో వంతు కరెంటుతో చార్జ్ చేయాలి. 150కి 15 ఆంపియర్లు. సగం దిగితే 75 ఏహెచ్, నష్టం కలిపితే 90 ఏహెచ్ ఎక్కాలి, అంటే 6 గంటల మంచి ఎండ. చైత్రంలో ఫరవాలేదు. ఆషాఢ శ్రావణాల ముసురులో వారం రోజులు నిండా ఎక్కకుండా ఉండిపోతుంది, అప్పుడు పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ట్యూబులర్ బ్యాటరీలు మన వైపు చెప్పిన కాలం కంటే ముందే పోవడానికి ఇదొక పెద్ద కారణం. లైను కరెంటు ఉన్నప్పుడు దాంతోనైనా వారానికోసారి నిండా ఎక్కించాలి. ఎల్‌ఎఫ్‌పీకి సగం చార్జింగులో ఉన్నా ఏమీ కాదు, పైగా 100 ఏహెచ్‌కి 50 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి మబ్బుల మధ్య రెండు గంటలు ఎండ వచ్చినా పట్టేసుకుంటుంది. కాకపోతే ఆ వేగం అందుకోవడానికి 2.5 కిలోవాట్ల పైన ప్యానెళ్లుండాలి.

వేడి ఇంకో శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ ఎసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. రేకుల గదిలో వేసవి మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో తెలిసిందే. లిథియం మీద రాసే "6000 సైకిళ్లు" (ఒకసారి దించి మళ్లీ ఎక్కిస్తే ఒక సైకిల్) కూడా సాధారణంగా 25 డిగ్రీల దగ్గర లెక్క. పెంకుటింట్లో వంటగదికి దూరంగా ఉండే నడవయినా రేకుల షెడ్డు కంటే నయం.

యూనిట్‌కి ఎంత పడుతుంది

ఈ ధరలు లెక్క చూపించడానికే, మీకిచ్చిన కొటేషన్ వీటి స్థానంలో పెట్టుకోండి. 150 ఏహెచ్ ట్యూబులర్లు నాలుగు, ఒక్కోటి 16,000 అనుకుంటే 64,000. మొత్తం 7.2 యూనిట్లు, వాడుకునేది సగం, 3.6. 1500 సైకిళ్లొస్తే 5,400 యూనిట్లు. యూనిట్‌కి 12 రూపాయలు. 5.12 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ 1,10,000 అనుకుంటే, 90 శాతం వాడితే 4.6 యూనిట్లు, 4000 సైకిళ్లకి 18,400 యూనిట్లు. యూనిట్‌కి 6 రూపాయలు. రోజూ దించి రోజూ ఎక్కించే ఇంటికి లిథియమే చవక, ఇందులో సందేహం లేదు.

కానీ ఏడాదికి యాభై అరవై సార్లు మాత్రమే కరెంటు పోయే ఇంట్లో ఈ భాగహారం తప్పు. అక్కడ 4000 సైకిళ్లు పూర్తవ్వాలంటే అరవై ఏళ్ల పైన పడుతుంది, బ్యాటరీ వయసు అయిపోయి అంతకు ఎంతో ముందే పోతుంది. అలాంటప్పుడు ధరని సైకిళ్లతో కాదు, ఏళ్లతో భాగించండి. ఒక ట్యూబులర్ 16,000, 5 ఏళ్లకి: ఏడాదికి 3,200. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం 30,000, 10 ఏళ్లకి: ఏడాదికి 3,000. తేడా లేనట్టే. అప్పుడు రిపేరుకి ఎవరొస్తారన్నదే తేల్చాలి. ట్యూబులర్ బాగుచేసే మనిషి గుణుపురంలో దొరుకుతాడు. లిథియం బ్యాటరీలో సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డు పోతే పెట్టె కంపెనీకి వెళ్లాల్సిందే.

ఇన్వర్టర్‌తో జోడీ

లిథియం కొన్న ఇళ్లలో ఎక్కువ గొడవలు ఇక్కడే. పాత ఇన్వర్టర్‌ని ట్యూబులర్ సెట్టింగులో ఉంచి లిథియం తగిలిస్తే, ఈక్వలైజ్ చార్జింగులో (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో ఎక్కించడం) వోల్టేజీ 15 దాటుతుంది, బీఎంఎస్ కట్ చేసేస్తుంది. 12.8 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీకి 14.2 నుంచి 14.4, 51.2 వోల్టులదానికి 56.8 నుంచి 57.6 మధ్య ఆగాలి. ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందా, క్యాన్ లేదా ఆర్‌ఎస్485 కేబుల్‌తో ఆ బ్యాటరీ కంపెనీతో మాట్లాడుతుందా అని అడగండి. రెండు కంపెనీల పేర్లూ ఒకే కంపాటిబిలిటీ జాబితాలో కనపడే వరకు డబ్బు కట్టవద్దు.

నీళ్ల మోటారు ఉంటే బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లు, ఎన్ని సెకన్లు తట్టుకుంటుందో చూడాలి. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్ల పైన తీసుకుంటుంది, స్టార్టింగులో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. 100 ఆంపియర్ల బీఎంఎస్ 51.2 వోల్టుల దగ్గర 5 కిలోవాట్లే ఇవ్వగలదు. బోరు మోటారు వేసినప్పుడల్లా ఇల్లంతా ఆరిపోతోందంటే కారణం ఇదే. పగలు, లైను ఉన్నప్పుడు ట్యాంకు నింపుకోవడమే చవకైన మందు.

ఖాళీగా ఉన్నప్పుడు ఇన్వర్టర్ ఎన్ని వాట్లు తింటుందో కూడా డేటాషీట్‌లో వెతకండి. 50 వాట్లయితే రోజుకి 1.2 యూనిట్లు, ఒక ట్యూబులర్ ఇచ్చేదానికంటే ఎక్కువ. తుపాను వచ్చే చోట అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: బ్యాటరీ పూర్తిగా దిగి బీఎంఎస్ నిద్రపోతే, లైను కరెంటు లేకుండా ఎండతోనే మళ్లీ లేస్తుందా? కొన్ని లేవవు. మూడు రోజులు కరెంటు రాకపోతే ప్యానెళ్లు ఉండీ చీకట్లోనే ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే లైను నుంచి నిండా ఎక్కించి, 20, 30 శాతం మిగిలి ఉండగానే వాడకం ఆగేలా పెట్టుకోండి.

వారంటీ, సరిహద్దు

ట్యూబులర్‌కి 36+24 అంటే మొదటి 36 నెలలే ఉచిత మార్పిడి. తర్వాతి 24 నెలల్లో ఇచ్చేది డిస్కౌంటు, అదీ ఎంఆర్‌పీ మీద, మీరు కొన్న ధర మీద కాదు. నాలుగో ఏడు పోయిన బ్యాటరీకి ఆ డిస్కౌంటు పోను కట్టేది, బయట కొత్తది కొన్నంత అవుతుంది తరచూ. లిథియం వారంటీలో ఏళ్లు, సైకిళ్లు, మొత్తం యూనిట్లు అని మూడు హద్దులుండవచ్చు, ముందు ఏది దాటితే అక్కడితో ఆఖరు. వారంటీ చివరికి కెపాసిటీ 80 శాతం మిగులుతుందని రాశారా, 70 అనా, 60 అనా అన్నది కూడా చూడండి. పిడుగు, వోల్టేజీ ఎక్కువ రావడం చాలా వారంటీల్లో చెల్లవు కాబట్టి ఎస్‌పీడీ (పిడుగు, ఎక్కువ వోల్టేజీ నుంచి కాపాడేది), ఎర్తింగ్ బ్యాటరీతో పాటే పెట్టించుకోవాలి.

పర్లాకిమిడి నుంచి పాతపట్నం, రాయగడ నుంచి పార్వతీపురం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం, ఇలా ఆంధ్రకి వెళ్లి కొనడం మనకి మామూలే. 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యాటరీలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అది రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, కాబట్టి అవతలికెళితే పన్ను కలిసిరాదు. ధర తగ్గితే కొనండి, కానీ ఒడిశా చిరునామాతో బిల్లు రాయించి, ఆ పిన్‌కోడ్‌కి సర్వీసు ఎవరు చేస్తారో కంపెనీ కస్టమర్ కేర్‌కి అక్కడే ఫోన్ చేసి అడగండి. "మనవాళ్లే వస్తారు" అన్న మాట వారంటీ కార్డు మీద ఉండదు. సబ్సిడీ ప్యానెళ్లకి మాత్రం ఒడిశాలో నమోదైన వెండరే కావాలి.

ఇంటికొచ్చాక

తయారీ తేదీ కోడ్ చదివించుకోండి. షాపులో ఆరు నెలలు చార్జింగు లేకుండా కూర్చున్న ట్యూబులర్ వద్దు. నిండా ఎక్కించి కొన్ని గంటలు ఆపాక 12.5 వోల్టుల దగ్గరో పైనో ఉండాలి, ఎసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్ బ్యాటరీలోని ప్రతి గదిలో (సెల్‌లో) 1.240 దగ్గర చూపాలి. ఒక్క గది మిగతావాటికి బాగా వెనకబడితే అప్పుడే వెనక్కిచ్చేయండి. లిథియానికి బ్లూటూత్ యాప్‌లో సెల్ వోల్టేజీలు చూడండి. సగం చార్జింగులో, లోడు లేనప్పుడు 20, 30 మిల్లీవోల్టులకి మించి తేడా ఉంటే సెల్స్ ఒక జత కానట్టు. పాత ఎలక్ట్రిక్ బండి సెల్స్ కొత్త పెట్టెలో పెట్టి అమ్మే లోకల్ ప్యాకుల్లో ఇది బయటపడుతుంది. తర్వాత ప్లగ్‌లో పెట్టే ఎనర్జీ మీటర్ తగిలించి, 500 వాట్ల లోడుతో లిథియాన్ని పూర్తిగా దించండి. 5 యూనిట్ల బ్యాటరీ ఎనిమిది గంటలకు అటూ ఇటూగా నడవాలి. ఆరు గంటలకే ఆగితే మీటర్ ఫొటోతో ఆ వారమే ఫిర్యాదు పెట్టండి.

48 వోల్టుల 5 కిలోవాట్ల సిస్టంకి 25 నుంచి 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, మధ్యలో డీసీ ఫ్యూజు. ఏసీ ఎంసీబీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, డీసీలో పుట్టిన నిప్పురవ్వని అది ఆర్పలేదు. వంశధార, మహేంద్రతనయ పొంగే ఊళ్లలో నేల నుంచి కనీసం మూడడుగుల ఎత్తున పెట్టండి. ట్యూబులర్ గదికి గాలి ఆడాలి, చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది. దాంట్లో పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు రెండూ వద్దు.

పాత ఎసిడ్ బ్యాటరీని ఊరికే ఇచ్చేయకండి. సీసం కిలోల లెక్కన ఖరీదు చేస్తుంది, కొత్త బిల్లులో దాని విలువ విడిగా చూపించమని అడగండి. 150 ఏహెచ్ ట్యూబులర్ ఎసిడ్‌తో 50 కిలోల పైన తూగుతుంది, తక్కెడలో పెట్టించాకే బేరం మొదలుపెట్టండి.