జొహానెస్‌బర్గ్ వెళ్తున్న మన పిల్లలకి: బండి ఆగే చోటే జాగ్రత్త

మా రాజోలు వైపు నుంచి ఈ ఏడాదీ కొందరు పిల్లలు ఉద్యోగాలకని దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ బయల్దేరుతున్నారు. నేను అక్కడ తొమ్మిదేళ్ళు కాపురం చేసి వచ్చానని తెలిసి, పెట్టెలు సర్దుకునే ముందు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఊరు మంచిదండి. ఫోర్డ్స్‌బర్గ్ అనే పేటకి వెళ్తే పప్పులూ మసాలా దినుసులూ దొరుకుతాయి. బళ్ళు మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడుస్తాయి. కానీ హైజాకింగ్ అంటే మనకి విమానం గుర్తొస్తుంది, అక్కడివాళ్ళకి కారు గుర్తొస్తుంది. 2022-23లో ఆ దేశం మొత్తం మీద 22 వేలకు పైగా కార్లు అలా బెదిరించి లాక్కున్నారని పోలీసు లెక్క. అందులో సగం దాకా జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా ఉన్న హౌటెంగ్ రాష్ట్రంలోనే. ఇక్కడ హైజాకింగ్ ఎక్కువ, జాగ్రత్త అని కొన్ని కూడళ్ళలో బోర్డులే ఉంటాయి.

మన వైపు బండి ఆపడం మర్యాద. చించినాడ వంతెన దిగాక వానలో ఎవరైనా చెయ్యెత్తితే ఆపి ఎక్కించుకుంటాం. కాలవ గట్టు మీద తెలిసినవాళ్ళు ఎదురైతే ఇంజను కట్టెయ్యకుండానే పది నిమిషాలు మాట్లాడతాం. అక్కడ ముందు మానుకోవలసింది ఈ అలవాటే. పరుగెత్తే కారు జోలికి ఎవరూ రారు. ఆగిన కారు దగ్గరికే వస్తారు. అందుకని రోజులో ఎక్కడెక్కడ ఆగుతామో ఆ చోట్లు తెలుసుకుని ఉండాలి.

అన్నిట్లోకీ ప్రమాదం మన సొంత గేటు దగ్గరే. అక్కడ ఇళ్ళకి ఎత్తు గోడలు, వాటి మీద కరెంటు తీగలు, మోటారు మీద పక్కకి జరిగే గేట్లు. రిమోటు నొక్కాక గేటు పూర్తిగా తెరుచుకోవడానికి మాకు పదిహేను సెకన్లు పట్టేది.

నాకు జరిగింది ఆ పదిహేను సెకన్లలోనే. సాయంత్రం బాబుని స్కూలు నుంచి తీసుకొస్తున్నాను. రెండు మలుపుల నుంచి ఒక తెల్ల కారు వెనకాలే వస్తోంది. అద్దంలో చూశాను గానీ పట్టించుకోలేదు. కారు గేటు వైపు తిప్పి ఆపాను. గేటు సగం జరిగిందో లేదో, ఆ కారు వచ్చి నా వెనక అడ్డంగా ఆగింది. పక్క అద్దం మీద తుపాకీతో టక్‌టక్‌మని కొట్టాడు ఒకడు. నా చెయ్యి దానంతటదే సీటు బెల్టు మీదకి పోయింది. వాడు గట్టిగా అరిచాడు. నడుం దగ్గరికి పోయే చెయ్యి వాడి కంటికి ఆయుధం తీస్తున్నట్టు కనబడుతుందని అప్పుడు తట్టింది. రెండు చేతులూ పైకెత్తి, బెల్టు తీసుకుంటున్నానని చెప్పి, ఒక్క చేత్తో నెమ్మదిగా తీశాను. వెనక సీట్లో పిల్లాడున్నాడు, తీసుకుంటానని రెండుసార్లు అడిగాను. తలూపాడు. నిద్రలో ఉన్న బాబుని భుజాన వేసుకుని గోడ వారకి నడిచాను. నిమిషం కూడా పట్టలేదు. బాబు చెప్పు ఒకటి కారులోనే పోయింది.

ఆ తర్వాత మానకుండా చేసినది ఇదీ. కారుని గేటు వైపు తిప్పకూడదు. రోడ్డు మీదే, ముందుకి పోవడానికి దారి ఉండేలా ఆపి, గేటు పూర్తిగా తెరుచుకున్నాకే తిరగాలి. లోపలికి వెళ్ళాక గేటు మూసుకునేదాకా అద్దంలో చూస్తూ ఉండాలి, దిగకూడదు. వెనక ఎవరైనా వస్తున్నట్టు అనిపిస్తే ఇల్లు దాటి వెళ్ళిపోండి. ఒక చుట్టు తిరిగినా వదలకపోతే పోలీసు స్టేషనుకో, రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకుకో పోనివ్వండి. అందుకే ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి.

అడిగితే కారు ఇచ్చెయ్యండి. తాళం, ఫోను, గొలుసు, ఏదడిగితే అది. మొహంలోకి చూడకండి, ఎదురు మాట్లాడకండి. అమ్మాయిలూ, బంగారం ఇక్కడే అమ్మ దగ్గర వదిలి వెళ్ళండి. నల్లపూసలు తప్పనిసరి అనుకుంటే జాకెట్టు లోపలికి వేసుకోండి. పుస్తెలతాడు తీసి వెళ్ళడం అశుభమని మా అత్తయ్య చాలా బాధపడ్డారు. గేటు సంగతి విన్నాక ఆవిడే తీసి బీరువాలో పెట్టారు.

సిగ్నలుని అక్కడ రోబాట్ అంటారు. ఎర్ర లైటు దూరం నుంచి కనబడితే వేగం తగ్గించుకుంటూ వెళ్ళండి, చేరేసరికి పచ్చ పడుతుంది. ఆగక తప్పకపోతే ముందు బండి వెనక చక్రాలు నేలని తాకే చోటు కనబడేంత ఎడం ఉంచండి. పక్కకి తప్పించుకోవడానికి ఆ జాగా చాలు. అద్దం పగలగొట్టి బ్యాగు లాక్కుపోయేదీ ఈ రోబాట్ల దగ్గరే. బ్యాగుని డిక్కీలో పెట్టాలి, అదీ బయల్దేరే చోటే. చేరాక అందరి ముందూ పెడితే చూసేవాడు చూస్తాడు. పార్కింగులో కారు రిమోటు నొక్కి వెళ్ళిపోకండి, అది పనిచెయ్యకుండా, తాళం పడకుండా చేసే పరికరాలున్నాయి. తలుపు లాగి చూడండి.

వెనక నుంచి ఎవరైనా మెల్లగా గుద్దితే దిగకండి. చెయ్యి ఊపి, జనం ఉన్న చోటికి వెళ్ళి ఆపండి. పోలీసు గుర్తుల్లేని కారు నీలం లైటు వేసి ఆపమంటే అనుమానించాల్సిందే, ఆ వేషంలో దొంగలుంటారు. నాలుగు ఇండికేటర్లూ వేసి, నెమ్మదిగా నడుపుతూ, స్టేషనుకి రమ్మని చేత్తో సైగ చెయ్యండి.

విమానాశ్రయంలో డబ్బు మార్చుకుంటే అక్కడే లెక్కపెట్టుకుంటూ నిలబడకండి. పగలు దిగితే గౌట్రెయిన్ ఎక్కి ఊళ్ళోని శాండ్‌టన్ పేటకి చేరడం మేలు. 2010 ప్రపంచకప్పు ముందు మొదలైన రైలు అది.

ఏదైనా జరిగితే పోలీసులకి 10111, సెల్‌ఫోను నుంచైతే 112. కేసు నంబరు అడిగి రాసుకోండి. బీమాకీ, పాస్‌పోర్టు పోతే మన కాన్సులేటుకీ అదే అడుగుతారు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇక్కడ ఇంట్లో ఒక జత ఉంచండి.

పెద్దవాళ్ళకి ఒక్క మాటండి. అక్కడ సాయంత్రం ఆరు అయితే మనకి రాత్రి తొమ్మిదిన్నర. భోజనాలయ్యాక పిల్లలకి ఫోను చెయ్యబుద్ధేసే వేళ అది. వాళ్ళు గేటు ముందు ఉండే వేళా అదే. ఆ గంట మీరు చెయ్యకండి. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాక వాళ్ళే చేస్తారు.