బూడిద తెగులుకు పొటాషియం బైకార్బొనేట్ ఎలా కొట్టాలి?

బీర, గుమ్మడి, బెండ ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు కనబడితే అది బూడిద తెగులే. ఈ బూజు ఎక్కువగా ఆకు పైపొర మీద అల్లుకుంటుంది. పొటాషియం బైకార్బొనేట్ నీళ్లు తగిలిన చోట దాని పోగులు ముడుచుకుపోతాయి, తగలని చోట బతికే ఉంటాయి. మిరపకు వచ్చే రకం ఆకు లోపలికి పాకుతుంది కాబట్టి దాని మీద ఇది అంతగా పనిచేయదు.

కొనేటప్పుడు పేరు పూర్తిగా చదవండి. పొటాషియం కార్బొనేట్ కూడా తెల్లటి పొడే, కానీ క్షారం చాలా ఎక్కువ, ఆకులు మాడిపోతాయి. వంటసోడా కొంత పనిచేస్తుంది గానీ, దాని సోడియం కుండీ మట్టిలో పేరుకుంటుంది.

ముందురోజు సాయంత్రం మొక్కలకు నీళ్లు పెట్టి, బాగా తెల్లబడిన ఆకులు తుంచేయండి. మర్నాడు లీటరు చల్లటి నీళ్లలో 5 గ్రాముల పొడి కరిగించండి. చెంచా లెక్క వద్దు, తూచండి. వేడినీళ్లలో కలిపితే కార్బన్ డయాక్సైడ్ పోయి, వద్దనుకున్న కార్బొనేటే తయారవుతుంది. పొడి కరిగాక 2 మి.లీ. లిక్విడ్ సోప్ కలపండి. అది లేకపోతే నీళ్లు నూగాకు మీద నిలవక పూసల్లా జారిపోతాయి. బట్టల సర్ఫు మాత్రం వేయొద్దు.

మిద్దె తోటల్లో చాలామంది ఇదే తెగులుకు పులిసిన మజ్జిగ కొడతారు. రెండూ మంచివే కదా అని కలిపితే బుసబుసా పొంగి, బైకార్బొనేట్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. ఇక కొట్టేది ఉత్త ఉప్పు నీళ్లే.

మొదట రెండాకుల మీద కొట్టి రెండు రోజులు చూడండి. అంచులు మాడితే 3 గ్రాములకు తగ్గించండి. తరవాత పొద్దున్నే, ఆకు అడుగు కూడా తడిసేలా, కారకముందే ఆపుతూ పిచికారీ చేయండి. మిట్టమధ్యాహ్నం కొడితే నీరు ఆరి, ఉప్పు చిక్కబడి ఆకును కాలుస్తుంది. వాన పడితే మళ్లీ కొట్టాలి, లేకపోతే వారానికోసారి చాలు. పాత మచ్చ గోధుమరంగుకు తిరిగిందంటే మందు పనిచేసినట్టే. ఆ చోటు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకులనే గమనించండి. కలిపిన నీళ్లు ఆ రోజే వాడేయండి.

ఫుడ్ గ్రేడ్ పొడిని సోడియం తగ్గించాలనుకునేవాళ్లు కేకుల్లో వంటసోడాకు బదులు వాడతారు, చెంచాకు చెంచాంపావు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒంట్లో పొటాషియం పెంచే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు.