కొత్త పచ్చళ్ల వ్యాపారం: తెలియనివాళ్లు నమ్మి కొన్నదెలా (నా అనుభవం)

ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో చుట్టాలు తప్ప ఎవరూ కొనలేదు. రుచి చూసినవాళ్లు కూడా "ఎక్కడ చేస్తారండీ, శుభ్రంగా ఉంటుందా?" అని ఆగిపోయేవారు. ధర తగ్గించాను, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టాను, పిన్ని చేత పొగిడించాను. లాభం లేదు.

పని చేసింది ఇది. ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి ఫోస్కోస్ అనే సైట్‌లో ఫారం-ఎ అనే దరఖాస్తు నింపి, ఫొటో, గుర్తింపు కార్డు జతచేసి, చిన్న ఆహార వ్యాపారాలకు ఇచ్చే బేసిక్ రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. అప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వచ్చిన 14 అంకెల నంబరును లేబుల్ మీద వేయించాను. దాని కిందే బరువు, కలిపిన తేదీ, బ్యాచ్ నంబరు, ఆ తర్వాత దినుసులు. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రావాలి కాబట్టి మామిడి ముక్కలు మొదట, మెంతులు చివర. నూనె "నువ్వుల నూనె" అని స్పష్టంగా రాశాను. అందరూ అడిగేది దాని గురించే మరి! అడిగినవాళ్లకు ఆ 14 అంకెల నంబరు ఫోస్కోస్ సైట్‌లో ఎలా వెతకాలో ఫోన్‌లో చూపించాను. వెతికినవాళ్లు తక్కువే, కానీ చూపించగానే మొహంలో నమ్మకం కనిపించేది.

ఆ తర్వాతే పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు కిలో సీసాలు అడిగారు. అది ఎండాకాలం, పచ్చళ్ల సీజన్ కూడా, కాబట్టి ఘనతంతా లేబుల్‌దే అనలేను. స్వీట్లకు ఇలాగే పనిచేస్తుందో లేదో నేను చేసి చూడలేదు.