మధ్య ఆదాయ కుటుంబాల ఇళ్లకు పురపాలక ప్రణాళిక వేసే విధానం
ముందుగా వార్డులవారీ సర్వే జరిపి, అద్దె ఇళ్లలో ఉన్న కుటుంబాలను ఆదాయాన్ని బట్టి లెక్కించాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 ప్రకారం ఏడాదికి రూ.3 లక్షల వరకు ఆదాయం గలవారు ఆర్థికంగా బలహీన వర్గం, 6 లక్షల వరకు అల్పాదాయ వర్గం, 9 లక్షల వరకు మధ్య ఆదాయ వర్గం. ఈ చివరి వర్గానికి ఆ పథకం కింద దక్కేది గృహరుణంపై వడ్డీ రాయితీ మాత్రమే, అదీ రూ.1.80 లక్షలకు మించదు. కాబట్టి స్థలం అందుబాటు ధరకు దొరికేలా చూడవలసింది స్థానిక సంస్థే.

అందుకోసం మాస్టర్ ప్లాన్‌లో బస్సు మార్గాలకు, ఉపాధి ఉన్న చోట్లకు దగ్గరలోని ప్రభుత్వ భూములను గుర్తించి, చిన్న ప్లాట్లకూ బహుళ అంతస్తుల ఇళ్లకూ వీలు కల్పించి, తాగునీరు, మురుగుకాలువలు, రోడ్లు పూర్తయ్యాకే కేటాయింపులు చేయాలి. చౌకగా వచ్చిందని ఊరికి దూరంగా స్థలమిస్తే, ఆదా అయిన సొమ్ము రాకపోకలకే ఖర్చవుతుంది. ముసాయిదాను తెలుగులో ప్రజల ముందుంచి, అభ్యంతరాలు పరిశీలించాకే కౌన్సిల్ తీర్మానించాలి.