మెట్రిక్ పరీక్షలకు ముందు తెలుగు ఇళ్లలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మెట్రిక్ (పదో తరగతి) పరీక్షలు సాధారణంగా ఫిబ్రవరిలో మొదలవుతాయి. సంక్రాంతి దాటేసరికి కొందరు పిల్లలకు బడి వేళకే కడుపునొప్పి వస్తుంది, అన్నం సహించదు, చిన్న మాటకే కళ్లనీళ్లు తిరుగుతాయి. బడి ఎగ్గొట్టే వేషాలని కసరకండి. ఆందోళన ఒంట్లో తెచ్చే నొప్పి నిజమైన నొప్పే. తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియాలో రాసే పిల్లలకు మరో భయం ఉంటుంది: విషయం తెలుసు, రాయబోతే మాట దొరకదు. పాఠాన్ని పదిసార్లు చదివినా ఈ భయం పోదు. ముందు జవాబును తెలుగులో అమ్మకో నాన్నకో చెప్పించండి. తర్వాత పుస్తకం మూసి అదే జవాబును ఒడియాలో రాయించండి. తప్పులు తర్వాత పుస్తకంలో చూసి తనే దిద్దుకోవచ్చు. మీకు ఒడియా లిపి రాకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చుని వినేవారు ఉండటమే బిడ్డకు పెద్ద ధైర్యం. భయపెట్టే సబ్జెక్టును రేపటికి నెడితే ఈ రోజుకు హాయిగానే ఉంటుంది, రేపటికి భయం ఇంకా పెరుగుతుంది. రోజూ ఇరవై నిమిషాలైనా దానితోనే మొదలుపెట్టించండి.

పండుగకు శ్రీకాకుళం, విశాఖల నుంచి వచ్చే చుట్టాలతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. "మీ బావకు ఎన్ని మార్కులొచ్చాయో తెలుసా?" అన్న ప్రశ్న మన ఇళ్లలో ప్రేమతోనే వస్తుంది, కానీ ఆ రాత్రి పిల్లవాడికి నిద్ర పట్టదు.

ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. చదివినది మనసులో కుదురుకునేది నిద్రలోనే, కాబట్టి తెల్లవార్లూ కూర్చోబెట్టడం నష్టమే. రాత్రి ఫోను వేరే గదిలో ఉండాలి.

పరీక్ష గదిలో గుండె దడదడలాడితే పాదాలు నేలకు ఆనించి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఇలా కొన్నిసార్లు చేసి, బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టాలి. దీన్ని ఇప్పటినుంచే ఇంట్లో అలవాటు చేయించండి. అక్కడే మొదటిసారి ప్రయత్నిస్తే కుదరకపోవచ్చు.

రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, స్నేహితులను తప్పించుకుంటున్నా పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా సాయం తీసుకోండి. "నేను లేకపోతే బాగుండు" అంటే అది ఆ రోజే పట్టించుకోవలసిన మాట. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి, పురుగుమందులు అందకుండా దాచండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడే వారిని అడగవచ్చు. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది.

ఫలితాల రోజున ఎవరో ఒకరు పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందని ఆ రోజు కాదు, ఇప్పుడే చెప్పండి.