చలివేంద్రం పెడుతున్నారా? కుండ సంగతి ముందు చూడండి

ఎండాకాలంలో వీధి చివర చలివేంద్రం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. రెండు కుండలు, ఓ బస్తా ఇసుక, పైన నీడ ఉంటే సరిపోతుంది. కానీ రంగులేసిన కుండ మాత్రం కొనకండి. నీరు కుండ గోడల్లోంచి చెమర్చి ఆవిరైతేనే లోపల చల్లబడుతుంది. పెయింటు ఆ సన్నటి రంధ్రాల్ని మూసేస్తుంది, ఇక చూడ్డానికే బాగుంటుంది. కొత్త కుండని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. గాలి తగిలే చోట తడి ఇసుక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడి గోనె చుట్టండి.

కడిగేటప్పుడు సబ్బు వాడొద్దు, మట్టి పీల్చేసుకుని నీళ్లకి ఆ వాసన పట్టిస్తుంది. కొబ్బరి పీచుతో రుద్దితే చాలు. ఒక కుండ వాడుతుండగా రెండోది రాత్రే నింపి ఉంచితే పొద్దున్నకి చల్లగా ఉంటుంది.

అసలు చిక్కు గ్లాసుతోనే. దారిన పోయేవాళ్లు తాగిన గ్లాసునే లోపల ముంచుతారు, చేతివేళ్లతో సహా. కుళాయి ఉన్న కుండ తీసుకోండి, లేదంటే పొడవాటి కాడ గరిటె పెట్టి మూతకి తాడుతో కట్టేయండి.

20 లీటర్ల క్యానుకి 200 మిల్లీలీటర్ల గ్లాసులు వంద వస్తాయి. బస్టాపు దగ్గరైతే అవి మధ్యాహ్నంలోపే అయిపోతాయి. ఫ్లెక్సీ కట్టి ఫొటోలు దిగిన చలివేంద్రాలు చాలావరకు ఎండిపోయేది ఇక్కడే. రిబ్బను కత్తిరించేవాళ్లని పిలిచే ముందు, మధ్యాహ్నం రెండు గంటలకి కుండలు మళ్లీ నింపేదెవరో తేల్చుకోండి. పక్కనే ఉన్న కిరాణా కొట్టువాళ్లని అడిగితే సాధారణంగా కాదనరు.