అనంతపురం ఎండల్లో సర్వర్ గదిని తక్కువ కరెంటుతో చల్లగా ఉంచడం ఎలా?

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ఒకటి రెండు ర్యాకులతో (సర్వర్లను అరల్లో పేర్చే ఇనుప చట్రాలు) నడిచే చిన్న సర్వర్ గదులకు ఆ రెండు నెలలే గండం. గది వేడెక్కిందనగానే చాలామంది ఇంకో ఏసీ కొనేస్తారు. నన్నడిగితే అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

ముందు కొలవండి. గోడకున్న థర్మామీటర్‌ను నమ్మొద్దు. ర్యాక్ ముందువైపు, అన్నిటికంటే పైనున్న సర్వర్ గాలి పీల్చుకునే చోట ఒకటి అంటించండి. వేడిగాలి పైకే చేరుతుంది, కాబట్టి తేడా ఏదైనా ఉంటే ముందు అక్కడే తెలుస్తుంది. ఏసీల, చల్లదనం ప్రమాణాలు రూపొందించే అమెరికా సంస్థ అష్రే సూచన ప్రకారం అక్కడ 18 నుంచి 27 డిగ్రీలు ఉండొచ్చు. 24, 25 ఉంటే నిశ్చింతే. ఏసీని 18లో పెట్టి గదంతా వణికించడం కరెంటు దండగ.

తర్వాత గాలి దారి చూడండి. అసలు పొదుపు ఇక్కడే ఉంది. సర్వర్ ముందునుంచి చల్లగాలి తీసుకుని వెనకనుంచి వేడిగాలి వదులుతుంది. ర్యాక్‌లో ఖాళీ అరలుంటే ఆ వేడిగాలి వాటిగుండా మళ్లీ ముందుకే వస్తుంది. ఖాళీ అర ముందు చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే సంగతి అర్థమైనట్టే. అలాంటి ప్రతి అరనూ బ్లాంకింగ్ ప్యానెల్‌తో, అంటే ఖాళీ అరకు బిగించే పలకతో, మూసేయండి. వెనకాల గుట్టగా వేలాడే కేబుళ్లను పక్కకు కట్టండి. ఏసీ గాలి ర్యాక్ ముఖానికి తగలాలి, వీపుకు కాదు. రెండు వరసలుంటే ముఖాలు ఎదురెదురుగా ఉండాలి.

పనిలేని సర్వర్లను వెతికి ఆపేయండి. ఊరికే వెలుగుతూ 200 వాట్లు తాగే సర్వర్ ఏడాదికి 1,752 యూనిట్లు మింగుతుంది. దాని వేడిని బయటికి పంపే ఏసీ ఖర్చు దీనికి అదనం.

ఇప్పుడు ఏసీ లెక్క. యూపీఎస్ డిస్‌ప్లేలో లోడ్ 6 కిలోవాట్లుంటే, అంత వేడీ గదిలోనే పుడుతుంది. ఒక టన్ను సుమారు 3.5 కిలోవాట్ల వేడిని లాగుతుంది, అంటే 1.7 టన్నులు. కానీ మన దగ్గర ఏసీలకు రేటింగ్ ఇచ్చేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి సామర్థ్యానికి. 42 డిగ్రీల ఎండలో అది తగ్గుతుంది. కాబట్టి 2 టన్నులది ఒకటి, అది ఆగితే ఆదుకోవడానికి అంతే సామర్థ్యంతో ఇంకొకటి పెట్టి, టైమర్‌తో వంతులవారీగా నడపండి. బయటి యూనిట్‌ను పడమటి ఎండ తగలని చోట పెట్టించండి. దాని రేకులకు పట్టిన దుమ్మును ఎండాకాలంలో తరచూ కడిగించాలి. కరెంటు పోయి వచ్చాక ఏసీ దానంతటదే మొదలవుతుందో లేదో బ్రేకర్ ఆపి పరీక్షించండి. రాత్రి కరెంటు పోతే యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, ఏసీ మాత్రం ఆగిపోతుంది.

మన పొడిగాలికి కూలర్ బాగా పనిచేస్తుంది కదా అని సర్వర్ గదిలో పెట్టొద్దు. తేమ అదుపులో ఉండదు. పైగా బోరునీళ్ల ఉప్పు ప్యాడ్లకు పేరుకుపోతుంది.

యూపీఎస్ బ్యాటరీలను సర్వర్ల వెనక వేడిలో ఉంచకండి. 25 డిగ్రీల మీద ఇంకో 10 పెరిగితే సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇవన్నీ అయ్యాక గది మొత్తం వాడకాన్ని సర్వర్ల వాడకంతో భాగించండి. దీన్నే పీయూఈ అంటారు, ఇది 1కి ఎంత దగ్గరైతే అంత పొదుపు. ఉదాహరణకు గది మొత్తం 10 కిలోవాట్లు, అందులో సర్వర్లు 6 వాడితే 1.67. నెలనెలా రాసిపెట్టుకోండి. అన్నీ సరిచేసినా మే నెలలో పై సర్వర్ దగ్గర 27 దాటుతుంటే, అప్పుడు కొనండి ఇంకో ఏసీ.